పొజిషన్ పేపర్ (ఒక విషయంలో మన పక్షం తేల్చి, కారణాలతో సమర్థించే పత్రం) రాసేవాళ్లకు ఒక మాట
"రొయ్యల చెరువుల వల్ల వరి పోతోంది" అని రాస్తే ఎవరూ కదలరు. "వరిచేలను ఆనుకుని కొత్తగా ఉప్పునీటి చెరువులకు అనుమతి ఇవ్వకూడదు" అని ఒక్క వాక్యంలో మీ పక్షం తేల్చేసి, చెరువు గట్టు పక్క మడిలోంచి ఒకటి, దూరపు మడిలోంచి ఒకటి మట్టి తీసి పరీక్ష చేయించి, ఆ రెండు ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత) అంకెలూ పక్కపక్కనే పెట్టండి. ఈసీ మీటరుకు 3 డెసీసైమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందనీ రాయండి.

ఇక అవతలి పక్షం, అంటే చెరువు రైతుల మాట. వరి గిట్టుబాటు కావట్లేదని వాళ్లనేది అబద్ధం కాదు, 2011లో కోనసీమ రైతులు పంట విరామం (ఆ సీజన్‌లో వరి వేయకపోవడం) ప్రకటించడానికి అదీ ఒక పెద్ద కారణమే. దాన్ని దాచకుండా, వాళ్లే రాసినంత బలంగా మీరే రాసి, అప్పుడు జవాబు చెప్పండి: నష్టం తన చేలో ఆగితే ఒక లెక్క, గట్టు దాటి పక్కవాడి మడిలోకి ఊరితే ఇంకో లెక్క. నేనైతే ఈ పేరాకే ఎక్కువ సమయం పెడతాను.