నవలలోని సంగీతం చూసి రచయిత చెవిని పోల్చుకోవడం ఎలా

మాది ఒంగోలు పక్కన కరవది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో పుట్టింది మా ఊళ్ళోనే. మా నాన్న పెళ్ళిళ్ళకు డోలు వాయించేవాడు. ఆ ఇంట్లో పెరిగినందువల్లనేమో, నవలలో ఒక రాగం పేరో పాట పల్లవో తగిలితే అక్కడే ఆగిపోతాను. ఈ రచయిత దీన్ని నిజంగా వింటాడా, కథకు పనికొస్తుందని పెట్టాడా? అది తేలేదాకా నాకు నిద్ర పట్టదు. ఎలా తేలుస్తావో రాసిపెట్టమని స్నేహితులు అడిగారు.

పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. సంగీతం వచ్చిన ప్రతిచోటా చిన్న గీత గీయండి. ఎవరు వింటున్నారు, ఏం చేస్తూ వింటున్నారు అన్న రెండు ముక్కలు చివరి అట్ట లోపల రాసుకోండి. లైబ్రరీ పుస్తకమైతే చీటీ మీదే రాయండి, పుస్తకం పాడుచేయొద్దు.

ఇప్పుడు ఆ జాబితాలోంచి కథను మోస్తున్న సంగీతాన్ని పక్కకు తీయండి. అంటే, దాన్ని తీసేస్తే కథ కుంటుపడేదన్నమాట. అందరి కంటా పడేది అదే, అందరూ మోసపోయేదీ దాని దగ్గరే. ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్త్ నవలలో స్వాన్ అనే ఆయన ప్రేమను ఒక సొనాటాలోని (ఒకటి రెండు వాద్యాల కోసం కట్టే పాశ్చాత్య రచన) చిన్న స్వరఖండం వెంటాడుతుంది. ఆ పేజీలు చదివితే ప్రూస్త్ దాని కోసం ప్రాణం ఇస్తాడనిపిస్తుంది. కానీ 1918లో ఒక మిత్రుడికి పుస్తకం మీద రాసిస్తూ, దానికి ఆధారం సాన్‌సాన్స్ వయొలిన్ సొనాటా అనీ, ఆ సంగీతకర్త తనకు నచ్చడనీ ఆయనే చెప్పాడు. జపాన్ రచయిత హరుకి మురకామి నవల ‘1క్యూ84’ మొదలయ్యేది టాక్సీ రేడియోలో వస్తున్న సింఫొనియెట్టాతో, అంటే చెక్ సంగీతకర్త యానాచెక్ ఆర్కెస్ట్రా కోసం కట్టిన రచనతో. కచేరీలో ఆర్కెస్ట్రా వెనక ట్రంపెట్ల వాళ్ళు వరుసగా నిలబడటం తనకు వింతగా తోచిందనీ, ఆ వింతే ఈ కథకు కుదిరిందనీ 2011లో ఒక అమెరికన్ పత్రికతో ఆయన అన్నాడు. కథకు కుదరడం వేరు, మనసుకు నచ్చడం వేరు.

కథకు అక్కర్లేకుండా మిగిలినవి చూడండి. వంట చేస్తూ పెట్టిన రికార్డు, హోటల్లో ఎక్కడో వినపడుతున్న పాట. ఎవరూ అడగకుండానే రచయిత చెయ్యి అటు పోయిందంటే అది అలవాటు. మురకామి పుస్తకాల్లో జాజ్ ఇలాగే వస్తూ పోతూ ఉంటుంది. ఆయన 1974లో టోక్యో శివార్లలో భార్యతో కలిసి జాజ్ బార్ తెరిచి, ఏళ్ళ తరబడి నడిపిన మనిషి.

పేరు ఒక్కటే చాలదు, పేరు వెనక ఏం తెలుసో చూడాలి. మన నవలల్లో పెళ్ళి రాగానే “మంగళవాద్యాలు మోగాయి” అంటారు. ఆ వాక్యం ఎవరైనా రాయగలరు. సన్నాయి ఆయన మొదలుపెట్టే ముందు పీకను (సన్నాయి కొసన నోట పెట్టుకుని ఊదే రెల్లు ముక్కను) నాలుక మీద తడుపుకోవడం, శ్రుతికి ఒక స్వరం ఊది చూసుకోవడం, సన్నాయికి దారంతో వేలాడే మారు పీకలు, గట్టిమేళం కోసం డోలు మనిషి కళ్ళు పంతులుగారి చేతి మీదే ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రచయిత మేళం పక్కన చాప మీద కూర్చున్నవాడే. అలాంటి చోట నేను రెండు గీతలు గీస్తాను.

ఇష్టాలకన్నా విసుగులు ఎక్కువ చెబుతాయి. ఇంగ్లీషు రచయిత థామస్ హార్డీ 1872లో తెచ్చిన నవలలో చర్చి వాద్యగాళ్ళు, తంత్రీవాద్యాలనే నమ్ముకోవాల్సింది, క్లారినెట్లు దేవుడి సేవకు పనికిరావని వాదించుకుంటారు. ఆ తగవు బయటివాడికి తోచేది కాదు. హార్డీ తాత, తండ్రి ఊరి చర్చిలో వాయించినవాళ్ళు, తనూ చిన్నప్పుడు నాట్యాలకు ఫిడేలు వాయించాడు. చివరికి ఆ బృందాన్ని పక్కనపెట్టి ఆర్గన్ తెస్తారు. బ్యాండుసెట్లొచ్చి మేళాలకు పిలుపులు తగ్గిన ఇంట్లో పెరిగాను, ఆ పేజీలు నాకు చదవడం కష్టమైంది.

ఒక్క నవలతో తేల్చేయకండి. కనీసం మూడు చదవండి. కథానాయకుడూ, వాడికి పడనివాడూ, పక్కింటి ముసలమ్మా అందరూ ఒకే వాద్యాన్ని ఇష్టపడుతుంటే అది పాత్రల ఇష్టం కాదు, రచయితది. ఒక పాత్రే ఇష్టపడితే ఆ ఇష్టాన్ని పాత్రకే వదిలేయండి.

ఇదంతా అయ్యాక ఆ సంగీతం పెట్టుకుని, గీత గీసిన పేరా మళ్ళీ చదవండి. ముందే వినొద్దు. వింటే మీ ఇష్టాన్ని తీసుకెళ్ళి రచయితకు అంటగడతారు.