డ్రాఫ్ట్‌లో మన జట్టు తీసుకున్నవాళ్లు అవసరానికి తగ్గవాళ్లేనా? లెక్క చూసుకోవడం ఎలా?

ఏప్రిల్ చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే తంతు, వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టినవాళ్లందరికీ ఒకటే టెన్షన్: ఈసారి మన డల్లాస్ జట్టు కౌబాయ్స్ ఎవరిని తీసుకుంటారు? పేరు చదివిన మరు నిమిషంలోనే తీర్పులు మొదలవుతాయి. "మనకు కార్నర్‌బ్యాక్ లేడు మొర్రో అంటుంటే లైన్‌బ్యాకర్‌ని తెచ్చారేంటి?" "రిసీవర్ కావాలిరా అంటే గార్డ్ ఎందుకు?" (కార్నర్‌బ్యాక్, లైన్‌బ్యాకర్ ప్రత్యర్థిని ఆపే డిఫెన్స్‌వాళ్లు. రిసీవర్ బంతి అందుకునేవాడు, గార్డ్ ముందు వరుసలో నిలబడి అడ్డుకునేవాడు.)

ఆ కోపం జట్టు మీద ప్రేమ ఉన్నవాళ్లకే వస్తుంది, దాన్ని తప్పు పట్టలేం. కాకపోతే చాలామంది జట్టులోని ఖాళీలను సీజన్ మొదలయ్యే వచ్చే సెప్టెంబరు వరకే చూస్తారు. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడు నాలుగేళ్ల కాంట్రాక్ట్ మీద వస్తాడు. కాబట్టి ఖాళీలను కూడా రెండు మూడేళ్ల దూరం చూసి లెక్కపెట్టాలి. కౌబాయ్స్ ఎంపికలనే ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతి చెబుతాను. మీ జట్టు ఏదైనా ఇదే పనిచేస్తుంది.

ఐపీఎల్ వేలానికి అలవాటు పడ్డవాళ్లు ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. ఇక్కడ ఆటగాడి కోసం డబ్బు పాట ఉండదు, వరుస ఉంటుంది. 32 జట్లు, 7 రౌండ్లు, మూడు రోజులు. కిందటి సీజన్‌లో అందరికంటే వెనకబడ్డ జట్టుది మొదటి పిక్ (ఎంపిక వంతు), లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుది ప్రతి రౌండ్‌లోనూ చివరి వంతు. ఈ వంతులను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు కూడా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చూసేవాళ్లకు మొదటి రౌండ్ శుక్రవారం తెల్లవారుజామున 5.30కు మొదలవుతుంది.

1. డ్రాఫ్ట్‌కు ముందే జట్టు పట్టిక రాసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని. డ్రాఫ్ట్ అయ్యాక కూర్చుంటే మనకు తెలియకుండానే వచ్చిన ఆటగాడికి తగ్గట్టు ఖాళీలు కనిపించడం మొదలవుతాయి, లేదా మనకు నచ్చిన ఆటగాడు రాలేదన్న కోపం కలుస్తుంది. అందుకే ముందే కాగితం మీద పెట్టాలి.

సీజన్‌లో జట్టుకు 53 మంది ఉంటారు. అందరి గురించీ రాయక్కర్లేదు. ఒక్కో స్థానంలో మొదటి ఇద్దరి పేర్లు రాసి, పక్కన మూడు గడులు పెట్టండి: వయసు, కాంట్రాక్ట్ ఏ ఏడాదితో ముగుస్తుంది, కిందటి సీజన్‌లో ఎన్ని ఆటల్లో మైదానంలో ఉన్నాడు. కాంట్రాక్ట్ వివరాలు ఓవర్ ద క్యాప్, స్పాట్రాక్ లాంటి చోట్ల ఉచితంగా దొరుకుతాయి. చాలామంది మొదటి గడి దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో ప్రాణమంతా రెండో గడిలో ఉంది.

2025 వసంతంలో కౌబాయ్స్ పట్టిక చూడండి. రైట్ గార్డ్ దగ్గర 11 సీజన్లు ఆడిన జాక్ మార్టిన్ రిటైరయ్యాడు, అక్కడ ఖాళీ. రిసీవర్లలో సీడీ ల్యాంబ్‌కు 2024లోనే పెద్ద కాంట్రాక్ట్ ఇచ్చారు కాబట్టి అక్కడ దిగుల్లేదు. కానీ బ్రాండిన్ కుక్స్ వెళ్లిపోయాడు, 2022లో మూడో రౌండ్‌లో వచ్చిన జేలెన్ టోల్బర్ట్‌కు అదే ఆఖరి ఏడాది. అంటే రెండు చోట్ల లోటు స్పష్టంగా ఉంది. మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ ముగిసినవాళ్లు వేరే జట్లకు వెళ్లే సమయం) మొదటి ఊపు తగ్గాక ఒకసారి పట్టికను సరిదిద్దండి, వచ్చినవాళ్లను చేర్చండి, వెళ్లినవాళ్లను కొట్టేయండి.

2. ఖాళీలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు

పట్టిక తయారయ్యాక ప్రతి ఖాళీ పక్కన ఒక గుర్తు పెట్టండి. ఈ సెప్టెంబరుకే మనిషి లేని చోటు ఒకటి. ఈ ఏడాది గడుస్తుంది కానీ వచ్చే ఏడాదో ఆ పై ఏడాదో మనిషి పోయే చోటు ఇంకొకటి. అభిమానులు కేకలు వేసేది మొదటిదాని కోసం. మంచి జట్లు మొదటి రౌండ్‌లో తరచుగా తీసుకునేది రెండోదాని కోసం.

2020లో డల్లాస్ డిఫెన్స్ నుంచి బైరన్ జోన్స్, రాబర్ట్ క్విన్ ఇద్దరూ వెళ్లిపోయారు. రిసీవర్లుగా అమారీ కూపర్, మైకెల్ గాలప్ ఉన్నారు. 17వ పిక్‌లో కె'లావోన్ చేసన్ లాంటి డిఫెన్స్ కుర్రాడు వస్తాడని చాలామంది అనుకున్నారు. జట్టు సీడీ ల్యాంబ్‌ను తీసుకుంది. ఆ రోజు లెక్కన చూస్తే అది విలాసం. కానీ కూపర్‌కు ఏడాదికి 2 కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తుందన్న సంగతి పట్టికలో ఎప్పటినుంచో ఉంది. 2022 మార్చిలో అతన్ని క్లీవ్‌ల్యాండ్‌కు పంపేశారు, ల్యాంబ్ ఆ చోటులోకి వచ్చాడు. 2023 సీజన్‌లో 135 క్యాచ్‌లతో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. చేసన్ 20వ పిక్‌లో జాక్సన్‌విల్‌కు వెళ్లాడు, ఆ జట్టు అతని ఐదో ఏడాది ఆప్షన్ (మొదటి రౌండ్ ఆటగాణ్ని ఇంకో ఏడాది ఉంచుకునే హక్కు) కూడా తీసుకోలేదు.

ఇదే సంగతి గ్రీన్ బే జట్టువాళ్లకు ఇంకా బాగా తెలుసు. 2020లోనే క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి దాడిని నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్ ఉండగా ముందుకు జరిగి మరీ 26వ పిక్‌లో ఇంకో క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ను తెచ్చారు. రిసీవర్ కోసం ఎదురుచూసిన అభిమానులు మండిపడ్డారు. రాడ్జర్స్ ఆ తర్వాత వరుసగా రెండు సీజన్లు ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు కూడా. కానీ 2023లో అతను వెళ్లిపోయేసరికి లవ్ సిద్ధంగా ఉన్నాడు. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో కౌబాయ్స్ సొంత మైదానం ఉన్న ఆర్లింగ్టన్‌కు వచ్చి వాళ్లను 48-32 తేడాతో ఓడించాడు. మన వాళ్లకు అది ఇంకా మానని గాయం. అయినా మూడేళ్ల ముందుచూపు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

3. ఆ స్థానం బజారులో ఎంత పలుకుతుందో చూడండి

2011లో కొత్త ఆటగాళ్ల జీతాలకు కట్టుబాటు వచ్చింది. 2010లో మొదటి పిక్ అయిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. మరుసటి ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లు. అప్పటినుంచి డ్రాఫ్ట్ అంటే మంచి ఆటగాడు చవగ్గా నాలుగేళ్లు దొరికే చోటు.

కాబట్టి ఏ స్థానాల్లో ఫ్రీ ఏజెంట్లు అందని ధర పలుకుతారో, అంటే క్వార్టర్‌బ్యాక్, అతన్ని కాపాడే లెఫ్ట్ ట్యాకిల్, అంచు నుంచి అతని మీదికి దూసుకెళ్లే ఎడ్జ్ రషర్, కార్నర్‌బ్యాక్, రిసీవర్, వాళ్లను పై రౌండ్లలో తీసుకుంటే జట్టుకు డబ్బు బాగా మిగులుతుంది. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు), టైట్ ఎండ్ లాంటి చోట్ల ఖాళీ ఉన్నా పై పిక్ ఖర్చు చేయడం దండగ కావచ్చు. 2024లో డల్లాస్ డ్రాఫ్ట్‌లో రన్నింగ్ బ్యాక్‌ను తీసుకోలేదని అందరూ తిట్టారు. ఆ సీజన్‌లో 1,000 గజాలు దాటి పరుగెత్తిన రికో డౌడల్ అసలు ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎంపిక కానివాడు.

4. ఆ రాత్రి బల్ల మీద ఇంకా ఎవరున్నారో రాసుకోండి

పిక్‌ను ఊహలతో పోల్చకూడదు. మన వంతు వచ్చేసరికి మిగిలినవాళ్లతోనే పోల్చాలి. మన పిక్ తర్వాత వెళ్లిన పది పదిహేను పేర్లు రాసుకోండి, చాలు.

ఈ మెట్టు దగ్గర 2021 డ్రాఫ్ట్‌ను కాస్త నిదానంగా చూడాలి. ఆ ఏడాది డల్లాస్‌కు 10వ పిక్. ఊరంతా కోరింది కార్నర్‌బ్యాక్. జేసీ హార్న్ 8వ పిక్‌లో కరోలినాకు, పాట్రిక్ సర్టన్ 9వ పిక్‌లో డెన్వర్‌కు వెళ్లిపోయారు. ఒక్క వంతు దూరంలో ఇద్దరూ జారిపోయారు. అప్పుడు కౌబాయ్స్ మూడో కార్నర్ కోసం పాకులాడలేదు. ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు 10వ పిక్ ఇచ్చి 12, 84 పిక్‌లు తీసుకున్నారు. 1990ల్లో కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో వచ్చిన విలువల చార్ట్ ఇప్పటికీ అభిమానులు వాడుతుంటారు. దాంట్లో 10వ పిక్‌కు 1,300 పాయింట్లు, 12కు 1,200, 84కు 170. అంటే 1,300 ఇచ్చి 1,370 తెచ్చుకున్నారు. అదీ పక్కా శత్రువు ఈగల్స్ దగ్గర.

12వ పిక్‌లో పేరు చదివారు: మైకా పార్సన్స్, లైన్‌బ్యాకర్. జేలన్ స్మిత్, లెయిటన్ వాండర్ ఎష్ ఉండగా ఇంకో లైన్‌బ్యాకరా అన్నారు. కాంట్రాక్ట్ గడి చూసినవాళ్లకు మాత్రం కొన్ని రోజుల్లోనే సమాధానం దొరికింది. మే మొదట్లో వాండర్ ఎష్ ఐదో ఏడాది ఆప్షన్‌ను జట్టు వద్దనుకుంది. అక్టోబరులో జేలన్ స్మిత్‌ను వదిలేసింది. సీజన్ మొదట్లోనే డిమార్కస్ లారెన్స్ పాదం విరగడంతో పార్సన్స్‌ను ఎడ్జ్‌కు జరిపారు. 13 శాక్‌లతో (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ రూకీ (తొలి ఏడాది ఆటగాడు) అయ్యాడు.

మరి కార్నర్ సంగతి? అదే డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో, 44వ పిక్‌లో, ఆ ఖాళీ కోసమే కెల్విన్ జోసెఫ్‌ను తెచ్చారు. అతను కుదురుకోలేదు. 2023 ఆగస్టులో మయామీకి పంపేశారు. 2020లో రెండో రౌండ్‌లో వచ్చి అప్పటికే జట్టులో ఉన్న ట్రెవోన్ డిగ్స్ 2021లో 11 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతిని లాక్కోవడం) తీశాడు. 2022 ఐదో రౌండ్‌లో వచ్చిన డరోన్ బ్లాండ్ 2023లో ఐదు ఇంటర్‌సెప్షన్లను నేరుగా టచ్‌డౌన్లు చేసి లీగ్ రికార్డు పెట్టాడు. అలాగని కార్నర్ కావాలన్న అభిమానులది తప్పు కాదు. సర్టన్ 2024లో లీగ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. అతను దొరికుంటే అది బంగారం లాంటి పిక్. దొరకనప్పుడు ఖాళీ ఉంది కదా అని చేతికందినవాణ్ని పట్టుకోవడం దగ్గరే తేడా వచ్చింది.

2023లో మాజీ స్మిత్ విషయంలోనూ ఇదే జరిగింది. పరుగు ఆపలేకపోతున్నాం, డిఫెన్సివ్ ట్యాకిల్ కావాలి అన్నారు, 26వ పిక్‌లో తెచ్చారు. పట్టికలో ఖాళీ నిండింది కాబట్టి చాలామంది సంతోషించారు. మూడో సీజన్ పూర్తికాకముందే, 2025 నవంబరులో, క్విన్నెన్ విలియమ్స్ కోసం చేసిన ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడి) భాగంగా అతన్ని న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చేశారు.

వెనక్కి జరగడాన్ని కూడా ఎంపికగానే లెక్కపెట్టండి. 2024లో డెట్రాయిట్‌కు 24వ పిక్‌ను, మరుసటి ఏటి ఏడో రౌండ్ పిక్‌ను ఇచ్చి 29, 73 తెచ్చుకున్నారు. 29లో వచ్చిన ట్యాకిల్ టైలర్ గైటన్ మొదటి ఏడాది తడబడ్డాడు. 73లో వచ్చిన కూపర్ బీబీ మాత్రం తొలి సీజన్‌లోనే సెంటర్‌గా స్థిరపడ్డాడు. ఈ రెండు పేర్లనూ కలిపే చూడాలి.

5. కింది రౌండ్లకు వేరే కొలత

నాలుగో రౌండ్ నుంచి ఖాళీల పట్టిక పక్కన పెట్టేయండి. అక్కడ వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందు కిక్, పంట్ ఆటల్లో చోటు సంపాదించుకోవాలి. ఎవరైనా స్టార్టర్ అయితే అది కలిసొచ్చినట్టు. డాక్ ప్రెస్కాట్ 2016లో 135వ పిక్. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ స్థానంలో టోనీ రోమో ఉన్నాడు.

6. డ్రాఫ్ట్‌తోనే షాపింగ్ అయిపోలేదు

2025కే తిరిగి వద్దాం. 12వ పిక్‌లో గార్డ్ టైలర్ బుకర్‌ను తీసుకున్నప్పుడు రిసీవర్ ఏడని అడిగారు. రాసుకున్న పేర్లు చూస్తే టెటైరోవా మెక్‌మిలన్ అప్పటికే 8వ పిక్‌లో కరోలినాకు వెళ్లిపోయాడు. తర్వాతి రిసీవర్ ఎమెకా ఎగ్బూకా 19లో గానీ పోలేదు. గార్డ్‌కు 12వ పిక్ కాస్త ఖరీదే అని నేనూ అనుకుంటాను. కానీ మార్టిన్ వదిలిన చోటు నిజమైన ఖాళీ. మే నెలలోనే పిట్స్‌బర్గ్‌కు 2026 మూడో రౌండ్ పిక్ ఇచ్చి జార్జ్ పికెన్స్‌ను తెచ్చుకున్నారు. డ్రాఫ్ట్ రాత్రి తీరని లోటు రెండు వారాల్లో తీరింది. కాబట్టి మీ పట్టికను శిక్షణ శిబిరాల దాకా, 90 మంది 53కు తగ్గేదాకా తెరిచే ఉంచండి.

7. తీర్పు రెండుసార్లు రాయండి

ఆ రాత్రి ఇచ్చే మార్కు ఎంపిక చేసిన పద్ధతికి మాత్రమే: ఖాళీ ఎలాంటిది, ధర ఎంత, పక్కన ఎవరున్నారు. ఆటగాడి మీద తీర్పుకు మూడు సీజన్లు ఆగాలి. మొదటి రౌండ్ వాళ్ల విషయంలో జట్టే మనకు ఒక తేదీ పెట్టి ఇస్తుంది. మూడో సీజన్ ముగిశాక మే మొదట్లోగా ఐదో ఏడాది ఆప్షన్ తీసుకుంటారో లేదో తేల్చాలి. ఆ రోజు మీ పాత కాగితం తీసి, అతనితోపాటు మీరు రాసుకున్న పది పదిహేను పేర్లలో ఎంతమంది ఆప్షన్లు ఖాయమయ్యాయో చూడండి. బుకర్‌కు ఆ తేదీ 2028 మేలో వస్తుంది. అతని పేరు పక్కన ఎగ్బూకా పేరు ఇప్పుడే రాసి పెట్టుకోండి.