సిగరెట్ మానడం ఎలా? పీకులాట వచ్చినప్పుడు ఏం చేయాలి?

పొగ తాగాలన్న పీకులాట ఎంత గట్టిగా వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. మూడో, ఐదో, మహా అయితే పదో. మీరు వెలిగించినా అది తగ్గుతుంది, వెలిగించకపోయినా తగ్గుతుంది. ఏళ్ల తరబడి తాగుతున్నవాళ్లు ఈ మాట ఓ పట్టాన నమ్మరు. ఆ కాసేపు ఎలా ముగుస్తుందో వాళ్లెప్పుడూ చూడలేదు మరి, మధ్యలోనే అగ్గిపుల్ల గీసేశారు. మానడంలో సగం పని, ఆ కాసేపు ఏం చేయాలో ముందే తేల్చిపెట్టుకోవడం. "మనసు గట్టి చేసుకుంటే చాలు" అని సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది సిగరెట్ ముట్టనివాళ్లే.

మొదటి పని: వారం రోజులు లెక్క రాయండి

ఈ వారం మానొద్దు, తగ్గించొద్దు, రాయండి చాలు. ప్యాకెట్‌కు ఓ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ప్రతి సిగరెట్‌కూ వెలిగించే ముందే (తర్వాత రాద్దామంటే మరిచిపోతారు) నాలుగు ముక్కలు రాయాలి: టైము, చోటు, పక్కన ఎవరున్నారు, ఐదుకు ఎంత అవసరం అనిపించింది. "7:10, పడకగది కిటికీ, ఒక్కణ్నే, 5." "11:30, ఆఫీసు మెట్లు, ముగ్గురం, 2." ఇలా.

వారం తిరిగేసరికి ఆ కాగితంలో రెండు రకాల సిగరెట్లు బయటపడతాయి. కొన్ని ఒళ్లు అడిగినవి. పొద్దున లేవగానే తాగేది ఆ రకమే: రక్తంలో నికోటిన్ రెండేసి గంటలకు దాదాపు సగం పడిపోతుంది, రాత్రంతా నిద్రపోయాక ఇంకేం మిగులుతుంది? మిగతావి సందర్భం అడిగినవి. ఫోన్ వచ్చింది, మీటింగ్ అయింది, పక్కవాడు వెలిగించాడు. మొదటి రకానికి మందు పనిచేస్తుంది. రెండోదానికి చోటు మార్చడమో, చేతికి వేరే పని ఇవ్వడమో తప్ప మందు లేదు. ఈ తేడా చూసుకోకపోతే, చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ గురించి "ప్యాచ్ వేసుకున్నా లాభం లేదండీ" అనుకునే వరకూ వస్తుంది.

రెండో పని: తేదీ పెట్టుకుని ఇల్లు సర్దండి

రెండు వారాల్లోపు ఓ రోజు అనుకోండి. పని నెత్తిన పడి ఉన్న వారం వద్దు. అలాగని అంతా ప్రశాంతంగా ఉండే రోజు కోసం చూస్తే అది రానే రాదు. రోజుకొకటి తగ్గించుకుంటూ పోవాలా, ఒక్కసారిగా ఆపాలా అంటే నా ఓటు ఒక్కసారిగా ఆపడానికే. తగ్గించినకొద్దీ మిగిలినవాటి మీద మోజు పెరుగుతుంది. ఒక్కోదాన్నీ పీక కాలేదాకా, గుండెల నిండా లాగుతారు. సంఖ్య తగ్గినంతగా నికోటిన్ తగ్గదు. 'లైట్' సిగరెట్లకు మారినవాళ్లు చేసేదీ ఇదే.

ముందురోజు రాత్రి లైటర్లు, యాష్‌ట్రే, పాత కోటు జేబులో "ఎందుకైనా మంచిదని" దాచిన ఒకటీ రెండూ అన్నీ బయటికి తీయండి. సిగరెట్లను నీళ్లలో తడిపి మరీ పారేయండి, అర్ధరాత్రి చెత్తబుట్టలో చెయ్యి పెట్టినవాళ్లు తక్కువమందేం కాదు. ఇంట్లోవాళ్లకు, రోజూ కలిసి తాగే స్నేహితులకు తేదీ చెప్పండి. "ఓ రెండు వారాలు చిరాకు పడతాను, పట్టించుకోకండి" అని కూడా చెప్పి ఉంచితే మంచిది.

మూడో పని: మందు సాయం తీసుకోండి

మందులతో మానితే అదేం మానడం అనే పట్టింపు చాలామందికి ఉంటుంది. వదిలేయండి. నికోటిన్ మనిషిని కట్టిపడేస్తుంది, ప్రాణం తీసేది మాత్రం పొగ. అందులో కేన్సర్ తెచ్చే రసాయనాలే సుమారు 70 ఉన్నాయి. ప్యాచ్, గమ్ పొగ లేకుండా నికోటిన్ ఇచ్చి మెల్లగా దాన్నీ తగ్గిస్తాయి.

రోజుకు 10కి మించి తాగేవాళ్లు సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెట్టి 14కు, ఆపైన 7కు దిగుతారు. మొత్తం రెండు నెలలకు పైనే పడుతుంది. వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, రోజుకో చోట అంటించాలి. రాత్రి పిచ్చి కలలు వస్తుంటే పడుకునే ముందు తీసేయొచ్చు.

గమ్‌ను ఎక్కువమంది తప్పుగా వాడతారు. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే మిగిలేది ఎక్కిళ్లు, కడుపులో మంట. మెల్లగా నమలాలి. నోట్లో కారంగా చురుక్కుమనగానే ఆపేసి చెంపకూ చిగురుకూ మధ్య పెట్టాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమిలి ఇంకో పక్కన పెట్టాలి. ఇలా అరగంట. నికోటిన్ నోటి లోపలి పొర గుండానే ఎక్కాలి, మింగితే చాలావరకు వృథా. కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ తాగిన 15 నిమిషాల దాకా గమ్ జోలికి పోవద్దు. నోట్లో ఆమ్లం ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ తాగేవాళ్లకు 4 మిల్లీగ్రాముల గమ్, మిగతావాళ్లకు 2. ప్యాచ్, గమ్ కలిపి వాడితే ఏదో ఒక్కటి వాడినదానికంటే ఫలితం ఎక్కువ.

పొగ మానడానికి వాడే వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు డాక్టరు రాయాలి, మానే తేదీకి వారం, రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. మూర్ఛ వచ్చినవాళ్లకు బుప్రోపియాన్ పనికిరాదు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు ప్యాచ్ అయినా సరే అడిగాకే వాడాలి.

నాలుగో పని: మొదటి వారాలు దాటండి

రెండు, మూడు రోజుల దగ్గర బాధ బాగా ముదురుతుంది. చిరాకు, ఆకలి, నిద్ర పట్టకపోవడం, చదివిన వాక్యమే మళ్లీ చదవడం. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి సర్దుకుంటాయి. కొందరికి దగ్గు పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, నోట్లో పుండ్లు లేస్తాయి. మానడం పడలేదేమో అని భయపడొద్దు, ఇవీ తగ్గేవే.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పొగ తాగేవాళ్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా వదిలించుకుంటుంది. సిగరెట్ ఆపాక అవే రెండు కప్పుల కాఫీ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. చేతులు వణకడం, గుండె దడ, నిద్ర లేకపోవడం అన్నీ సిగరెట్ మీదికి నెట్టేస్తాం. కాఫీని సగం చేసి చూడండి. ఇదే కారణంగా థియోఫిలిన్ (ఉబ్బసానికి), క్లోజపిన్, ఒలాంజపిన్ (మానసిక జబ్బులకు) లాంటి మందులు వాడుతున్నవాళ్లకు మోతాదు మార్చాల్సి రావచ్చు. మానుతున్నట్టు డాక్టరుకు ముందే చెప్పాలి.

సగటున ఏడాదిలో నాలుగైదు కిలోల బరువు పెరగడం మామూలే. ఇప్పుడే ఉపవాసాలు మొదలుపెట్టకండి, ఒకేసారి రెండు యుద్ధాలు వద్దు.

ఐదో పని: పీకులాట వచ్చినప్పుడు

భోజనం అయింది. చెయ్యి తనంతట తానే చొక్కా జేబు తడుముతుంది. మొదట చేయాల్సింది, ఉన్నచోటు నుంచి లేవడం. గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోండి. "ఇంకెప్పుడూ తాగకూడదు" అనుకుంటే మనసు ఎదురు తిరుగుతుంది. "పది నిమిషాలయ్యాక చూద్దాం" అంటే ఊరుకుంటుంది, ఆలోపు పీకులాట పలచబడుతుంది. చల్లటి నీళ్లు గుక్క గుక్కగా తాగండి. నోట్లో లవంగమో యాలక్కాయో వేసుకోండి. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సమయం తీసుకుని నోటితో వదలండి. దమ్ము లాగినప్పుడు దొరికే హాయిలో కొంత ఈ పొడవాటి ఊపిరిదే.

మీరు రాసిన కాగితం ఇప్పుడు అక్కరకొస్తుంది. ప్రతి సందర్భం పక్కన బదులు పని రాయండి. భోజనం తర్వాత వెంటనే పళ్లు తోముకోవడం. కాఫీ వేరే కుర్చీలో, కప్పు రెండో చేత్తో. మీటింగ్ అయ్యాక మెట్ల వైపు కాకుండా రెండో దారిలో చకచకా ఓ చుట్టు నడక.

ఒత్తిడి సంగతి వేరు. సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గుతుందన్నది అబద్ధం కాదు. కాకపోతే ఆ టెన్షన్‌లో పెద్ద భాగం, ముందటి సిగరెట్ ఇచ్చిన నికోటిన్ దిగిపోతున్నందువల్ల పుట్టినదే. మానిన కొన్ని వారాలకు ఆందోళన మునుపటికంటే తగ్గిందనే ఎక్కువమంది చెబుతారు.

మొదటి నెల మద్యానికి దూరంగా ఉండండి. రెండో గ్లాసుతో కాగితమూ గుర్తుండదు, తేదీ గుర్తుండదు.

ఆరో పని: జారితే

పెళ్లిలో ఎవరో ఇచ్చారు, ఒకటి తాగేశారు. అసలు ముప్పు ఆ సిగరెట్‌ది కాదు, "ఎలాగూ పోయింది కదా" అంటూ వెలిగించే రెండోదానిది. చేతిలో ప్యాకెట్ ఉంటే అక్కడే తడిపి పారేయండి. డాక్టరు వేరేలా చెబితే తప్ప ప్యాచ్ తీయకండి. అదే రాత్రి ఎక్కడ, ఎవరితో, ఐదుకు ఎంత అనేది కాగితంలో రాసి, పక్కన బదులు పని రాసుకోండి. కొత్త తేదీ కోసం వచ్చే నెల దాకా ఆగొద్దు, మర్నాడు పొద్దున లేవగానే మొదలుపెట్టండి.