పేరు తెలియని బ్యాండు పాడుతోందా? వినడానికి ఇలా వెళ్లండి

హనుమకొండ నక్కలగుట్టలోనో కాజీపేటలోనో కాఫీ తాగడానికి ఆగుతారు. అద్దం తలుపు మీద చిన్న పోస్టరు అతికించి ఉంటుంది: శనివారం సాయంత్రం 7 గంటలకు ఫలానా బ్యాండు పాటలు. ఆ పేరు ఎప్పుడూ విని ఉండరు. పెద్ద గాయకుడి కచేరీ అంటే హైదరాబాద్ దాకా రైలెక్కి వెళ్లే మనం ఆ పోస్టరును చూసీ చూడనట్టు బిల్లు కట్టి బయటికి వచ్చేస్తాం. ఈసారి అలా రావద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. యాభై మంది పట్టే గదిలో, పాడేవారు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గరగా కూర్చుని, మన ఊరివాళ్లు కట్టిన పాటను మొదటిసారి వినడం నాకు ఎంతో ఇష్టమైన పని.

ముందుగా కనుక్కోవలసినవి

ఆ చోటికి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. టికెట్ ఉందా, లేక తిన్నదానికి బిల్లు కడితే చాలా? కుర్చీలు ఉంటాయా? కార్యక్రమం ఎన్ని గంటలకు ముగుస్తుంది? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. మేడ మీదో పెరట్లోనో జరిగే కార్యక్రమం ఆలస్యంగా మొదలైనా పదింటికి ఆగవలసిందే. అప్పుడు కోత పడేది ఎక్కువగా సొంత పాటలకే. సినిమా పాటలు ఎలాగూ పాడేస్తారు. కాబట్టి నిర్వాహకులు ఆలస్యం చేసినా మీరు చేయకండి.

బ్యాండు పాటలు ఫోనులో దొరికితే ఒక్కటి మాత్రం వినండి. అన్నీ వినేసి వెళ్తే ఆ రాత్రంతా రికార్డింగుతో పోల్చి చూడటమే సరిపోతుంది.

ఇలాంటి కార్యక్రమాల కబురు తెలియాలంటే వాద్యాలు అమ్మే, బాగుచేసే దుకాణంలో అడగడం మంచి దారి. గిటారు తీగలు కొనడానికి వచ్చేవాళ్లందరూ వాళ్లకు తెలుసు. వరంగల్ ఎన్ఐటీలో ఏటా జరిగే స్ప్రింగ్‌స్ప్రీ వంటి కళాశాల ఉత్సవాల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమయ్యాక పెద్ద సభలకు మంచి వేదిక దొరికింది. నేను చెబుతున్నది మాత్రం చిన్న గదుల గురించి.

అరగంట ముందు చేరుకోండి

ముందు వెళ్తే మంచి కుర్చీ ఎలాగూ దొరుకుతుంది. అంతకన్నా విలువైనది బ్యాండు సిద్ధమవడాన్ని చూడటం. ఒకసారి హనుమకొండలో నేను వెళ్లేసరికి డప్పు వాయించే కుర్రవాడు వెనక పెరట్లో పాత వార్తాపత్రికలు పోగుచేసి చిన్న మంట పెట్టాడు. డప్పును మంటకు జానెడు దూరంలో పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. మధ్యమధ్యలో వెనక్కి తీసి వేళ్లతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ మంట మీదికి తీసుకెళ్తున్నాడు. ఆ మధ్యాహ్నమే వాన పడింది. గాలిలో తేమ ఎక్కువైతే తోలు సాగి మోత మందగిస్తుంది. వేడి తగిలితే బిగుసుకుని ఖంగున పలుకుతుంది. మొదట తట్టినప్పుడు తడి అట్టను కొట్టినట్టున్న చప్పుడు పావుగంటలో గోడకు తగిలి తిరిగొచ్చేంత గట్టిపడింది. లోపల గిటారు వాయించే అమ్మాయి ఒక్కొక్క తీగె మర బిగిస్తూ అదే పని చేస్తోంది. ఇది చూశాక పాట మొదలైతే వినే తీరే మారిపోతుంది.

ఎక్కడ కూర్చోవాలి?

ముందు వరుస మంచిదనుకుంటాం. చిన్న గదిలో అది పొరపాటు. డ్రమ్ముల మోత, గిటారు శబ్దం నేరుగా వాద్యాల నుంచే వచ్చి ముందువాళ్ల మీద పడతాయి. గొంతు మాత్రం పక్కనున్న పెద్ద స్పీకర్లలో నుంచి రావాలి. ఆ స్పీకర్లు మీ తల దాటి వెనక్కి పాడుతుంటాయి కాబట్టి ముందు కూర్చున్నవారికి వాయిద్యమే తప్ప మాటలు వినబడవు. తెలిసిన పాటయితే మాటలను మనసే పూరించుకుంటుంది. తెలియని పాటకు ఆ వీలు లేదు, సాహిత్యం మొత్తం పోతుంది.

మిక్సర్ బల్ల ఎక్కడుందో చూడండి. సౌండ్ ఆపరేటర్ తన చెవికి కుదిరేట్టు శబ్దాన్ని సరిచేస్తాడు కాబట్టి అతని ముందున్న కుర్చీయే ఆ గదిలో అన్నిటికన్నా మంచి చోటు. బల్ల ఓ మూలకు ఉంటే మాత్రం రెండు స్పీకర్లకు సమాన దూరంలో, గది మధ్య నుంచి కొంచెం వెనక్కి కూర్చోండి. మూలల్లో, గోడకు ఆనుకుని కూర్చుంటే బేస్ శబ్దం గుమిగూడి బొయ్యిమంటూ మిగతావాటిని మింగేస్తుంది. మధ్యలో స్పీకరు ఒక్కసారిగా కుయ్యిమని అరిస్తే గాయకులను చూసి నవ్వకండి. స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి, పెరిగి, తిరిగి స్పీకరుకే రావడం వల్ల వచ్చే మోత అది. ఇరుకు గదిలో మైకు, స్పీకరు దగ్గర దగ్గరగా ఉండక తప్పదు.

చెవుల సంగతి కూడా చూసుకోండి. పనిచేసే చోట ఆరోగ్య భద్రతపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. పక్కనున్నవారితో అరిచి మాట్లాడవలసి వస్తోందంటే శబ్దం ఎక్కువైనట్టే. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. పిల్లలను తీసుకెళ్తే తప్పక వెంట ఉంచుకోండి.

సొంత పాట వచ్చినప్పుడు

మొదటి పాటను బట్టి బ్యాండును తూకం వేయకండి. మనుషులతో నిండిన గదిలో శబ్దం ఖాళీ గదిలో పరీక్షించినప్పటిలా ఉండదు. ఆపరేటర్ దాన్ని సరిచేసుకునేసరికి రెండు పాటలు అయిపోతాయి. చేతుల వణుకు తగ్గడానికీ అంత సమయం పడుతుంది. నేను మూడో పాట తర్వాతే అభిప్రాయం ఏర్పరచుకుంటాను.

అసలు సంగతి ఇక్కడుంది. సినిమా పాట మొదలవగానే గది అంతా చప్పట్లు. ‘తర్వాతిది మేం రాసుకున్న పాట’ అని చెప్పగానే సగం మంది తలలు ఫోన్ల మీదికి వంగుతాయి. వేదిక మీదున్నవారికి అది స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లలో చాలామంది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో అవే సినిమా పాటలు వాయించేవాళ్లు. ఈ ఒక్క సాయంత్రం వచ్చింది తమ పాట వినిపించడానికి. అప్పుడు తల ఎత్తండి. ఫోను జేబులో పెట్టండి. కోరిన పాట కోసం చీటీ పంపే అలవాటు ఉంటే ఆ రాత్రికి మానుకోండి.

కొత్త పాటను పట్టుకోవడానికి ముందు దరువును వెతకండి. ఇక్కడి పాటల్లో తెలిసిన లయ ఏదో ఒకటి దాగి ఉంటుంది. బోనాల ఊరేగింపులో విన్న డప్పు కావచ్చు, ఒగ్గుకథ డోలు కావచ్చు. చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెప్పిన నేల ఇది. ఆ మోత మన చెవికి కొత్త కాదు. బతుకమ్మ పాటలో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు కదా. పల్లవి చివర బ్యాండు ఒక్క క్షణం ఖాళీ వదిలితే అది మీకోసమే. రెండోసారి వచ్చినప్పుడు అందుకోండి. తప్పుగా పాడినా వాళ్లు సంతోషిస్తారు.

పాటలు అయిపోయాక

బయట ఆటో కోసం పరుగెత్తకుండా పది నిమిషాలు ఆగండి. ఊరు బయటికి వెళ్లవలసినవాళ్లు చివరి బస్సు వేళ ముందే కనుక్కుని పెట్టుకోండి. డబ్బాలో డబ్బు వేయమంటే, ఒక పూట హోటల్ భోజనానికి పెట్టేంతైనా వేయండి. తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడండి. ‘బాగుంది’ అని ఊరుకోకుండా ఏ పాట, అందులో ఏ మాట గుర్తుండిపోయిందో చెప్పండి. మా ఇంట్లో పూజ ఉంది, వచ్చి ఊరికే రెండు పాటలు పాడండి అని మాత్రం అడగవద్దు.

ఆ డప్పు రాత్రి నేను గిటారు అమ్మాయి దగ్గరికి వెళ్లి, చెరువు మీద రాసిన పాటలో నీళ్లు తగ్గాక మెట్లు బయటపడే చరణం మళ్లీ ఒకసారి చెప్పమని అడిగాను. ఆమె మైకు తీగ చుట్టడం ఆపి, నిలబడిన చోటే మొత్తం పాడింది. పక్కన కుర్రవాడు సంచీలో పెట్టబోతున్న డప్పును బయటికి తీసి వేళ్లతో దరువు అందుకున్నాడు.