రెండు ఊళ్ల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కేయడం ఎలా?

మా అత్తయ్య దుబాయ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరుతూ టికెట్ చూసి, "పదింటికి ఎక్కితే పన్నెండున్నరకి దిగుతా, రెండున్నర గంటలేగా" అని షుగర్ మాత్రలన్నీ పెద్ద సూట్‌కేసులో సర్దేసింది. అసలు ప్రయాణం నాలుగు గంటలు. మధ్యాహ్నం మాత్రలు బయటికి తీయించి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టించాను. ఈ లెక్క ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

ముందు దూరం. రోడ్డు కిలోమీటర్లు, రైలు కిలోమీటర్లు ఇక్కడ పనికిరావు. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు 1,750 కి.మీ., గన్నవరం నుంచి విమానంలో అయితే సుమారు 1,390. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి గన్నవరం ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, వెళ్లే ఊరి ఎయిర్‌పోర్టు మీద నొక్కితే ఆ దూరం వచ్చేస్తుంది. దూరదేశాలకైతే గీత వంకరగా కనిపిస్తుంది, తప్పేమో అనుకోకండి. పిల్లల గ్లోబు మీద ఢిల్లీ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, రెండో కొస అమెరికా దాకా బిగించి లాగి చూడండి, దారం దానంతటదే ఉత్తరం వైపు జరుగుతుంది. గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదే.

తర్వాత సమయం. జెట్ విమానం పైకి చేరాక గంటకి 800 నుంచి 900 కి.మీ. వేగంతో పోతుంది. దూరాన్ని 800తో భాగించి, రన్‌వే దాకా వెళ్లడానికి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలపండి. ఢిల్లీకి గంటా నలభై ఐదు నిమిషాలు, ప్లస్ అరగంట, అంటే రెండుంపావు గంటలు. రెక్కలకి ఫ్యాన్లు తిరిగే చిన్న ఏటీఆర్ విమానమైతే 500తో భాగించాలి.

విదేశాలకైతే గడియారం తేడా మర్చిపోవద్దు, అత్తయ్య పొరబడింది అక్కడే! టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు టికెట్ మీది రెండు టైముల తేడాకి ఆ గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. పైన పడమర నుంచి తూర్పుకి వీచే గాలులు తోస్తాయి కాబట్టి తిరుగు ప్రయాణం మామూలుగా కొంచెం తొందరగానే అయిపోతుంది.

చివరగా ఇంటి నుంచి ఇంటికి ఎంతో చూసుకోండి. గుంటూరు నుంచి గన్నవరానికి వారధి, బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగ్ దాటి వెళ్లాలంటే గంటన్నర పెట్టుకోవాలి, దేశంలో తిరిగే విమానానికి రెండు గంటలు ముందుండాలి. అందుకే హైదరాబాద్‌కి విమానంలో గంటే అయినా, ఇవన్నీ కలిపితే కారులో వెళ్లినంత సమయమే దాదాపు పడుతుంది, ఢిల్లీకైతే విమానమే మేలు.

అత్తయ్య ఎక్కింది శంషాబాద్‌లో. విదేశాలకి వెళ్లే విమానం కాబట్టి పదింటికి మూడు గంటల ముందు, అంటే ఏడింటికి అక్కడుండాలి, గుంటూరు నుంచి కారులో ఐదు గంటల పైనే, మధ్యలో టీకి ఆగాలి. రాత్రి ఒంటిగంటకి ఇంటికి తాళం వేశాం.