స్మార్ట్ లైట్లు: కంపెనీ కన్నా ముందు స్విచ్‌బోర్డు చూడండి

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్లలో ఉండే మనవాళ్లు, ఫోన్‌తో వేసి ఆపగలిగే ఈ స్మార్ట్ లైట్ల గురించి మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. కంపెనీ వల్ల వచ్చే తలనొప్పులు నిజానికి తక్కువ. బోర్డులో ఏ వైర్లున్నాయి, రౌటర్ ఎక్కడుంది, ఇంట్లో ఆ స్విచ్చు ఎవరెవరు నొక్కుతారు అన్నది చూడకుండా కొనేస్తేనే ఎక్కువ ఇబ్బంది. అందుకే సమస్యల వైపు నుంచి వస్తున్నాను. ఇప్పటికే కొన్నవాళ్లు బాగుచేసుకోవచ్చు, కొనబోయేవాళ్లు ఏది తమ ఇంటికి సరిపోతుందో తేల్చుకోవచ్చు.

"యాప్‌లో బల్బు ఆఫ్‌లైన్ అని వస్తోంది"

ముందు గోడ మీది స్విచ్చు చూడండి. చాలాసార్లు అది ఆపేసి ఉంటుంది. స్మార్ట్ బల్బు వెలగనప్పుడు కూడా దానికి కరెంటు అందుతూనే ఉండాలి, లేకపోతే లోపలి వైఫై చిప్ పనిచేయదు. పనావిడ గది ఊడ్చి వెళ్తూ స్విచ్చు ఆపుతుంది. కడప నుంచి వచ్చిన అత్తయ్య "ఎవరూ లేని గదిలో లైటెందుకమ్మా" అంటూ ఆపుతారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. స్విచ్చు ఉన్నదే నొక్కడానికి. దాని మీద టేపు అంటించి "ఆపకండి" అని రాసిన ఇళ్లున్నాయి, కానీ ఆ టేపు ఎన్నాళ్లుంటుంది?

పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇంట్లో బల్బు బదులు స్విచ్చునే స్మార్ట్ చేయడం మేలు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే మాడ్యూల్‌ని బోర్డు వెనక పెడతారు. మామూలు బల్బు, పాత స్విచ్చు అలాగే ఉంటాయి. చేత్తో నొక్కినా పనిచేస్తుంది, ఫోన్లో నొక్కినా పనిచేస్తుంది. మన ఇళ్లలో హాల్లో ఉండేది ఎక్కువగా 20 వాట్ల ట్యూబ్‌లైటే కాబట్టి దానికీ ఇదే దారి. పోయేది ఏమిటంటే రంగులు మార్చడం, పసుపు నుంచి తెలుపుకు తిప్పడం కుదరదు.

అద్దె ఇంట్లో బోర్డు విప్పుతామంటే ఓనరు ఊరుకోకపోవచ్చు. అప్పుడు స్మార్ట్ బల్బులే తీసుకోండి, ఇల్లు మారేటప్పుడు పీకి పట్టుకుపోవచ్చు. స్విచ్చు పక్కన అంటించుకునే బ్యాటరీ బటన్ ఒకటి తెచ్చుకుంటే అత్తయ్యకు నొక్కడానికి ఏదో ఒకటి ఉంటుంది. మంచం పక్కన ఇంకో స్విచ్చు ఉన్న టూవే వైరింగ్ అయితే, టూవేకి పనికొస్తుందని రాసి ఉన్న మాడ్యూలే కొనాలి.

"మాడ్యూల్ పెట్టించాక, ఆపినా ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటోంది"

ఇది న్యూట్రల్ గొడవ. లైటు స్విచ్చు దాకా మామూలుగా వచ్చేది కరెంటు తెచ్చే ఫేజ్ వైరే. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు నేరుగా పైనున్న హోల్డరుకు వెళ్లిపోతుంది. స్మార్ట్ స్విచ్చు తాను పనిచేయడానికి కొంచెం కరెంటు కావాలి. న్యూట్రల్ లేకపోతే ఆ కొంచెం కరెంటునూ బల్బు గుండానే పంపిస్తుంది. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బుకు అది లెక్కలోకి రాదు. 9 వాట్ల ఎల్ఈడీకి ఆ కాస్తే చాలు, లోపలి కెపాసిటర్ నిండినప్పుడల్లా ఒకసారి మెరుస్తుంది.

పరిష్కారాలు రెండు. న్యూట్రల్ అక్కర్లేదని అమ్మే మాడ్యూళ్లతో చాలాసార్లు ఒక చిన్న కెపాసిటర్ ఇస్తారు. దాన్ని లైటు దగ్గర ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య కలపాలి. లేదంటే బోర్డు దాకా న్యూట్రల్ వైరు లాగించాలి. కొనకముందే తెలుసుకోవాలంటే బోర్డు మీద ప్లగ్ సాకెట్ ఉందేమో చూడండి. సాకెట్ ఉందంటే న్యూట్రల్ ఉన్నట్టే. మన ఇళ్లలో చాలా బోర్డుల మీద ఒక సాకెట్ ఉంటుంది కాబట్టి సగం టెన్షన్ అక్కడే తీరుతుంది. అనుమానమంతా మెట్ల దగ్గర, బాత్‌రూమ్ బయట ఉండే ఒంటి స్విచ్చుల మీదే.

న్యూట్రల్ దొరకనప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు "ఎర్త్‌కి కలిపేస్తా సార్, ఏం కాదు" అంటారు. ఒప్పుకోవద్దు. ఎర్త్ వైరు ప్రమాదం వచ్చినప్పుడు కరెంటును నేలలోకి పంపడానికి ఉంది, రోజూ మోయడానికి కాదు. ఆ వైరు ఎక్కడైనా తెగితే దానికి కలిపిన గీజరు, ఫ్రిజ్‌ల బయటి లోహపు భాగాల్లోకే కరెంటు రావచ్చు. మాడ్యూల్ పెట్టిన రోజు నుంచే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే మెయిన్ బోర్డు స్విచ్చు) పడిపోతోందంటే ముందు ఈ అనుమానమే పడండి. వేరే సర్క్యూట్ న్యూట్రల్ అరువు తెచ్చి కలిపినా ఇలాగే పడిపోవచ్చు. విప్పేది ఎవరైనా మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

"సెటప్ దగ్గరే ఆగిపోతోంది"

ఇంటి రౌటర్లు మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నల్ ఇస్తాయి. వైఫై బల్బులు దాదాపు అన్నీ 2.4 మీదే పనిచేస్తాయి. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే కొన్ని యాప్‌లు బల్బును పట్టుకోలేవు. రౌటర్‌లో రెంటికీ వేరే పేర్లు పెట్టి, సెటప్ అయ్యేదాకా ఫోన్‌ని 2.4 మీద ఉంచండి. పీజీ వైఫైలో లాగిన్ పేజీ వస్తుంటే మాత్రం ఆశ వదులుకోండి. బల్బు ఆ పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టలేదు.

"అర్ధరాత్రి కరెంటు వచ్చిందంటే బల్బులన్నీ ఫుల్‌గా వెలుగుతున్నాయి"

బల్బు తయారయ్యేటప్పుడు పెట్టిన అలవాటు అది, కరెంటు రాగానే వెలగడం. యాప్‌లో ఒక్కో బల్బు సెట్టింగుల్లోకి వెళ్లి, కరెంటు వచ్చాక ఎలా ఉండాలి అన్న చోట "ముందున్న స్థితి" ఎంచుకోండి. ఈ సెట్టింగ్ లేని బల్బు బెడ్‌రూమ్‌కి వద్దు.

ఇంకో చిక్కుంది. చాలా బల్బుల్ని వరుసగా మూడు నుంచి అయిదుసార్లు ఆపి వేస్తే రీసెట్ అయిపోయి మళ్లీ పెయిరింగ్‌కి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వానలకు కరెంటు పోతూ వస్తూ, మధ్యలో అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకుంటుంటే బల్బు దాన్ని మీరు చేసిన రీసెట్ అనుకుంటుంది. తెల్లారేసరికి టపటపా కొట్టుకుంటూ కనిపిస్తే పాడైందని పారేయకండి, మళ్లీ యాప్‌కి కలపండి. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ అది లేచేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు.

"నెట్ పోతే లైట్లు మాట వినడం లేదు"

బెంగళూరులో ఫైబర్ కేబుళ్లు చెట్ల కొమ్మల మీదుగా వేలాడుతుంటాయి, కొమ్మ విరిగితే నెట్ పోతుంది. మీ యాప్ ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి రావలసిన రకమైతే, పక్కగదిలో లైటు కూడా ఆ కొమ్మ మీదే ఆధారపడి ఉన్నట్టు. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణం ఉన్నవి, వైఫై కాకుండా జిగ్‌బీ అనే వేరే వైర్‌లెస్ సిగ్నల్ వాడుతూ హబ్ అనే చిన్న పెట్టెతో నడిచేవి చాలావరకు ఇంట్లోని నెట్‌వర్క్‌లోనే పని కానిచ్చేస్తాయి. నాలుగైదు లైట్లే అయితే వైఫై చాలు. ఇల్లంతా పెట్టాలంటే జిగ్‌బీ వైపు వెళ్లండి, నెట్ కనెక్షన్‌తో వచ్చే చిన్న రౌటర్ మీద అంత భారం వేయడం మంచిది కాదు. జిగ్‌బీ బల్బులు ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అందిస్తాయి. మధ్యలో ఒకదాని స్విచ్చు ఆపేస్తే చివరిగది బల్బుకు సిగ్నల్ అందకపోవచ్చు.

"రంగుల బల్బు పెట్టాక హాలు చీకటిగా ఉంది"

రంగు ఎల్ఈడీలు తెల్లవాటంత వెలుగు ఇవ్వవు. టీవీ వెనక బాగుంటాయి, చదువుకునే టేబుల్ మీద కాదు. ఎలక్ట్రికల్ దుకాణాలుండే బీవీకే అయ్యంగార్ రోడ్డుకు వెళ్లి కొనేటట్లయితే హోల్డరు చూసుకుని వెళ్లండి. మన ఇళ్లలో పిన్నులుండే బి22 ఎక్కువ, విదేశాల నుంచి తెచ్చేవి తరచుగా మరలుండే ఇ27. కన్వర్టర్ దొరుకుతుంది గానీ బల్బు అంగుళం కిందికి దిగి గ్లాసు షేడ్‌లో పట్టకపోవచ్చు.

ఎప్పుడూ కరెంటు మీదే ఉంటే బిల్లు ఎంత పెరుగుతుందని అడుగుతారు. ఒక్కో బల్బు వెలగకుండా అర వాటు తిన్నా, పది బల్బులకు నెలకు 3.6 యూనిట్లు.