జర్మన్ పెళ్లి సూప్ – రెండో పాఠం: గుడ్డు ముక్కలు

పోయిన పాఠంలో బ్రాత్, అంటే సూప్‌కి ఆధారమైన రసం, కాచి, వడకట్టి, పైన పేరుకున్న కొవ్వు తీసేసి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. అది తేటగా లేకపోతే పలుచని బట్టలో ఇంకోసారి వడకట్టండి. ఇకమీద మనం పడే పాట్లన్నీ ఆ తేటదనాన్ని కాపాడుకోవడానికే.

జర్మనీలో పెళ్లివారు చర్చి నుంచి వచ్చి విందుకు కూర్చున్నాక ముందుగా వడ్డించే వంటకం ఈ హోఖ్‌ట్సైట్స్‌జుప్పె. మాంసం ఉండలు, సన్నటి నూడుల్స్, గుడ్డు ముక్కలు, చాలాచోట్ల తెల్ల ఆస్పరాగస్ అనే కూర కాడలు కూడా వేస్తారు. మనం వీటిలో దేన్నీ బ్రాత్‌లో ఉడికించం. నూడుల్స్ గంజి అందులో దిగితే చాలు, సూప్ మబ్బు పట్టినట్టు అయిపోతుంది. రుచి ఎక్కడికీ పోదు గానీ, పెళ్లికి వడ్డించే సూప్‌లా మాత్రం ఉండదు.

ఈ వారం పని గుడ్డు ముక్కలు. జర్మన్లు ఐయర్‌ష్టిష్ అంటారు. చూడటానికి, నోట్లో మెత్తగా జారడానికి అచ్చం మన జున్నే, తీపి ఉండదంతే.

మూడు గుడ్లకు 150 మి.లీ. పాలు, పావు చెంచా ఉప్పు, చిటికెడు జాజికాయ పొడి తీసుకోండి. జాజికాయ మానేయొద్దు, జర్మన్ వంటింటి వాసనంతా అందులోనే ఉంది. గుడ్లను ఫోర్కుతో నిదానంగా కలపండి. ఆమ్లెట్‌కి గిలక్కొట్టినట్టు కొడితే నురగ వస్తుంది, ఆ నురగే తర్వాత కన్నాలవుతుంది. పాలు కలిపాక టీ వడపోతలో వడకట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైకి తేలిన బుడగల్ని చెంచాతో తీసేయండి.

చిన్న స్టీలు గిన్నెకి వెన్న బాగా రాసి మిశ్రమం పోయండి. రెండు వేళ్ల మందం చాలు. ఆవిరి నీళ్లు లోపల పడకుండా ఫాయిల్ బిగించండి. పెద్ద గిన్నె అడుగున మడత బట్ట వేసి, దాని మీద ఈ గిన్నె పెట్టి, సగం ఎత్తు వరకు వేడినీళ్లు పోసి మూత పెట్టండి.

ఇక అసలు విద్య మంటలో ఉంది. నీళ్లు మరగకూడదు. 80 నుంచి 90 డిగ్రీల మధ్య, అంటే అడుగున సన్నటి బుడగలు కనిపిస్తూ పైన అలజడి లేనంత వేడిలో ఉండాలి. గుడ్డులోని ప్రొటీన్ వేడికి అల్లుకుని పాలను తనలో పట్టి ఉంచుతుంది. వేడి మితిమీరితే ఆ అల్లిక బిగుసుకుని నీళ్లు వదిలేస్తుంది, ముక్క స్పాంజిలా తయారవుతుంది. అందుకే ఇడ్లీ ఆవిరి దీనికి పనికిరాదు, కుక్కర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. స్టవ్ సిమ్‌లో పెట్టినా నీళ్లు మరుగుతుంటే మూత కాస్త ఓరగా తీయండి.

25 నిమిషాల తర్వాత గిన్నె కొంచెం కదిపి చూడండి. నడిమధ్య ద్రవంలా కదిలితే ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. మొత్తం ఒకే ముద్దగా వణికితే దించేయండి. వేడి మీద కోయాలని తొందరపడితే చిట్లిపోతుంది. పూర్తిగా చల్లారాక అంచుల వెంట కత్తి తిప్పి పళ్లెంలో బోర్లించి, చెంచాలో పట్టేంత డైమండ్ ముక్కలు కోయండి. జర్మనీ సూపర్‌మార్కెట్లలో ఇవి రెడీమేడ్‌గానూ దొరుకుతాయి గానీ, నాకైతే రబ్బరు నమిలినట్టే ఉంటాయి.

దక్షిణాన ష్వాబియాలో సూప్‌లో పలుచని అట్లు సన్నగా తరిగి వేసే అలవాటుంది. ఉత్తరాన కొన్నిచోట్ల కిస్‌మిస్ వేసిన అన్నం పక్కన పెడతారు. ముందు ఈ ముక్కలు కుదరనివ్వండి, అవి తర్వాత చూద్దాం.

వచ్చే పాఠం మాంసం ఉండలు. ఈలోగా ఒక్క గుడ్డు, 50 మి.లీ. పాలతో చిన్న కప్పులో చేసి, మధ్యకి కోసి చూడండి. కోసిన చోట కన్నాలు కనిపిస్తే మంట తగ్గించి మళ్లీ చేయండి.